ఎవరి పొయ్యి వాళ్లది

జనాభా లెక్కల పటంలో పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం గీయాలి. కాపురం ఉన్న ఇల్లయితే బొమ్మ లోపల తెల్లగా వదిలేయాలి. అంగడో, గోదామో, గుడో అయితే అడ్డగీతలు కొట్టాలి. 1991 లెక్కల కోసం మా కాలనీకి నేను గీసిన పటంలో చతురస్రాల కన్నా త్రిభుజాలు ఎక్కువ, ఆ రెండింటి కన్నా ఖాళీ కాగితం ఎక్కువ. బొమ్మలన్నీ ఒక మూలకు చేరిపోయాయి. మిగతా కాగితం అలాగే వదిలేస్తే పని ఎగ్గొట్టాననుకుంటారేమోనని ఒక వేపచెట్టు, రెండు ఎండిన బావులు, వంక, అంటే వాగు, పారే దారి కూడా గీసి ఇచ్చాను. సూపర్వైజరు నవ్వి, చెట్లకు నంబరు వేయనక్కరలేదు సార్ అన్నాడు.

ఆ కాలనీ అనంతపురంలో రుద్రంపేట దాటాక, హైదరాబాదు–బెంగళూరు రహదారికి కూతవేటు దూరంలో ఉంటుంది. అంతకుముందు అది నాలుగు ఎకరాల వేరుశనగ చేను. వానలు వరుసగా ముఖం చాటేయడంతో ఆ రైతు విసిగి, చేనును ప్లాట్లు వేసి అమ్మేశాడు. సున్నపు గీతలు, ఎర్ర రంగుతో నంబరు రాసిన రాళ్లు, అంతే లేఅవుట్. మేకలు ఆ రాళ్లకు ఒళ్లు రుద్దుకుని పడగొట్టేవి. ఎవరి ప్లాటు ఎక్కడ మొదలవుతుందో తెలియక, కొన్న టీచర్లు, కండక్టర్లు, కోర్టు గుమాస్తాలు ఆదివారం పూట టేపులు పట్టుకుని వచ్చి వాదులాడుకునేవారు. నేనూ అందులో ఒకడిని. ఐదు సెంట్ల స్థలం. ఊళ్లో ఉన్న బంధువులు అడవిలో ఇల్లు కడుతున్నాడని జాలి పడ్డారు.

అడవి అనడం మర్యాదకు. అక్కడ చెట్లే లేవు. కంప తుమ్మలు, గట్ల వెంట కిత్తనార, వంక ఒడ్డున కానుగలు నాలుగు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే మాకు మామూలు వాన. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అటే ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి నీరసించిపోతాయి. దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వాన మాదేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం, అదేదో బిరుదు లాగా. ఆషాఢం వచ్చిందంటే గాలి. కిటికీలు మూసుకున్నా అన్నంలో ఎర్రమట్టి పంటి కింద తగిలేది. మా ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో రోజూ కడుగుతూ ఉండేది, తరువాత కడగడం మానేసి నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

ఇంతకన్నా నిజమైన ఎడారి కూడా మా జిల్లాలోనే ఉంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలుగా పేరుకుంటుంది. ఆ ప్రాంతంలో పనిచేసిన మిత్రుడొకడు, ఉత్తరాల్లో మా ఎర్రదుమ్మును చాలా చిన్నచూపు చూసేవాడు.

లెక్కల పనిలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. కుటుంబం అంటే రక్తసంబంధం కాదు, ఇంటిపేరు కాదు, పైకప్పు కూడా కాదు. మామూలుగా ఒకచోట ఉంటూ ఒకే వంటింట్లో వండింది తినేవాళ్లే ఒక కుటుంబం. అంటే ఇంట్లోకి వెళ్లగానే అడగాల్సిన అసలు ప్రశ్న, మీకు ఎన్ని పొయ్యిలు అని. 1991లో మా కాలనీలో కట్టిన ఇళ్లు పన్నెండో పదమూడో. దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒక్కటే పొయ్యి. ఏడుగురు, ఎనిమిదిమంది ఉన్న ఇళ్లు మామూలు. కండక్టరుగారి ఇంట్లో ఆయన తల్లి, ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, పిల్లలు అంతా కలిసి పదకొండుమంది, మూడు గదుల బండల మిద్దెలో. తాడిపత్రి బండల నేల, పైన కూడా బండలే. ఫారం మీద వరసలు చాలక ఇంకో కాగితం తీయాల్సి వచ్చింది.

ఆ ఇంటి జేజి వయసు రాయడానికి చాలాసేపు పట్టింది.

"ఎంత ఉంటుంది జేజీ?"

"నాకేం తెలుసు నాయనా, నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చూసి రాసుకో."

"పెద్దకొడుకు ఎప్పుడు పుట్టాడు?"

"గంజి కరువునాడు. గంజి పోసే చోటికి వాణ్ణి చంకనేసుకుని పోయాను."

గంజి కరువంటే యాభైల మొదట్లో. అప్పటికి ఆమెకు పెళ్లయి ఎన్నేళ్లు, అంతకుముందు పోయిన కాన్పులు ఎన్ని, ఇలా వెనక్కి లెక్కగట్టి అరవై రాశాను. కరువులే ఆమెకు పంచాంగం. పేరు రాసుకున్నాక, దీనికి ఏమైనా ఇస్తారా అని అడిగింది. ఏమీ ఇవ్వరన్నాను. మరి ఇంత ఎండలో నీకెందుకు నాయనా అని మజ్జిగ ఇచ్చింది.

ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టాలి. ఆ రాత్రి నా బ్లాకులో దొరికినవాళ్లంతా గొర్రెల కాపర్లు. కాయ పీకేసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద తోలించుకునేవారు. కాపర్లు మంద చుట్టూ నాలుగు మూలలా కంబళ్లు పరుచుకుని పడుకుంటారు. టార్చిలైటు వేసుకుని పోతే ముందు కుక్కలు, తరువాత మనుషులు లేచారు. దొంగ అనుకున్నారు. పేర్లు రాసుకోవడానికి వచ్చానంటే ఇంకా ఎక్కువ అనుమానపడ్డారు. గొర్రెలను కూడా రాస్తారా అన్నది వాళ్ల దిగులు.

ఆ ఏడు జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 166. లెక్కల మాస్టారిని కాబట్టి నాకు ఇలాంటి అంకె కనబడితే ఎకరాల్లోకి మార్చి చూస్తేనే తృప్తి. చదరపు కిలోమీటరు అంటే 247 ఎకరాలు. మూడు ఎకరాలకు ఇద్దరు మనుషులన్నమాట. 19,130 చదరపు కిలోమీటర్ల జిల్లా, ఉమ్మడి రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్దది, అందులో నేల ఎక్కువ, మనుషులు తక్కువ. 2001కి ఆ సాంద్రత 190 అయింది, 2011కి 213. ఇరవై ఏళ్ల తరువాత కూడా ఎకరాకు ఒక మనిషి నిండలేదు. కానీ పదకొండుమంది ఉన్న ఆ మూడు గదుల్లో నిలబడి ఎవరైనా ఈ ఊళ్లో జనం పలుచన అంటే నమ్ముతారా?

2001 నాటికి కాలనీ నిండింది. ఎవరో పిలిచి తెచ్చినట్టు కాదు, పల్లెలు ఒక్కొక్కటే వదులుకున్నట్టు. కళ్యాణదుర్గం వైపు నుంచి, కనగానపల్లి నుంచి, రాప్తాడు చుట్టుపక్కల నుంచి వచ్చారు. బోరు వేసి నీళ్లు పడక, మళ్లీ వేసి మళ్లీ పడక, చివరికి ఉన్నది అమ్మి మూడు సెంట్లు కొనుక్కున్నవాళ్లు కొందరు. పిల్లల్ని ఇంగ్లీషు బడిలో వేయడానికి భార్యను ఇక్కడ బాడుగింట్లో ఉంచి తాము పల్లెకూ ఇక్కడికీ తిరిగినవాళ్లు ఇంకొందరు. ఇలాంటి కుటుంబాన్ని రాయడం మహా చిక్కు. ఆయన అక్కడ వండుకుంటాడు, ఆమె ఇక్కడ వండుతుంది, శని ఆదివారాలు ఒకే పొయ్యి. భార్యాభర్తలే, కానీ ప్రభుత్వం దృష్టిలో రెండు కుటుంబాలు. ఆమెను కుటుంబ పెద్దగా రాయమంటే ఒప్పుకునేది కాదు. "ఆయన పేరే రాయండి సారూ, లేకపోతే బాగుండదు" అనేది. ఆయన ఇక్కడ లేడు కదమ్మా అంటే తలుపు సగం మూసేది.

ఇక కండక్టరుగారి ఇంట్లో అదే మిద్దె, అవే గోడలు, పొయ్యిలు మూడు. వసారాకు రేకులు దించి ఒకటి, వెనక దొడ్లో ఒకటి కొత్తగా వెలిశాయి. ఇంటి నంబరు ఒకటే, కుటుంబాలు మూడు. జేజి ఎవరి లెక్కలోకి వస్తుందన్నది ప్రశ్న. ఆమె నెలకొక కొడుకు దగ్గర వంతుగా తింటోంది. ముగ్గురు కోడళ్లూ వరండాలో నిలబడ్డారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ మా ఇంట్లో రాయండి అనీ అనలేదు. ఈ నెల ఎవరి వంతు అని అడిగాను. ఫిబ్రవరి నడిపి కొడుకుది. నడిపి కొడుకు కుటుంబంలో ఐదో వరసలో ఆమె పేరు రాశాను. చక్కగా కుదిరింది, నియమం ప్రకారం కూడా సరైనదే. జేజి మాత్రం ముగ్గురి ఫారాల్లోనూ వేళ్లు పెట్టి వెతికింది, చదువు రాకపోయినా. "నేను ఒక్క చోటే ఉన్నానా?" అని అడిగింది. ఒక్క చోటే ఉండాలి జేజీ, రెండు చోట్ల ఉంటే తప్పు అన్నాను.

ఫిబ్రవరి గురించి ఇంకో మాట చెప్పాలి. మన దేశంలో లెక్కించే పద్ధతి ప్రకారం ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు మనిషి మామూలుగా ఉండే చోట దొరకాలి. ఆ రోజులన్నీ ఊళ్లో లేకపోతే అతన్ని అక్కడ రాయకూడదు, ఎక్కడ ఉంటే అక్కడ రాయాలి. దేశం మొత్తానికి ఇది మంచి పద్ధతే కావచ్చు. అనంతపురానికి కాదు. మాకు వేరుశనగ జూన్, జూలైలో విత్తి అక్టోబరు, నవంబరులో పీకేస్తారు. సంక్రాంతి అయ్యాక చేలో పనే ఉండదు. అందుకే జనవరి చివర నుంచి బెంగళూరు బస్సులు నిండుతాయి. మా కాలనీ వెనక కొట్టాల్లో ఆ నెలలో సగం తలుపులకు తాళాలు. తాళాల పక్కన గోడ మీద బొగ్గుతో జనాభా లెక్కల ఇంటి నంబరు మాత్రం రాసి వచ్చేవాణ్ణి. వాళ్లు బెంగళూరులో ఏ పునాది గుంట పక్కన, ఏ రేకుల షెడ్డులో ఉన్నారో, అక్కడి ఎన్యూమరేటరు ఆ షెడ్డు దాకా వెళ్లాడో లేదో ఎవరికి తెలుసు? ఉగాదికి అందరూ తిరిగి వచ్చేస్తారు, కొత్త బట్టలతో, బెంగళూరు బేకరీ డబ్బాలతో. ఉగాది నాడు లెక్కపెట్టమనండి, మా సాంద్రత ఏమిటో చూపిస్తాం.

నీళ్ల సంగతి ఎవరిని అడిగినా పురాణం విప్పుతారు కాబట్టి కొంచెమే చెబుతాను. మేము ఇల్లు కట్టినప్పుడు కాలనీ మొత్తానికి ఒక బోరింగు. పంపు కొట్టడానికి ఇద్దరు కావాలి. తరువాత ఎవరింట్లో వాళ్లు బోర్లు వేసుకున్నారు, ఒకరి బోరు ఇంకొకరి బోరును ఎండబెట్టింది. ఆపై పీఏబీఆర్ (పెన్నా అహోబిలం రిజర్వాయరు) నీళ్లు కొళాయిల్లోకి వచ్చాయి, రోజు విడిచి రోజు, కొన్నాళ్లు వారానికొకసారి. అప్పట్లో ఏ పూట ఎన్ని బిందెలు వరసలో ఉన్నాయో చూసి వీధి జనాభా చెప్పగలిగేవాణ్ణి, ఫారం అవసరమే లేదు.

2011 నాటికి నేను రిటైరుకు దగ్గరపడ్డాను. అయినా పేరు వచ్చింది. ముందటేడు ఇళ్ల జాబితాకు 35 ప్రశ్నలు: గోడ దేనితో, కప్పు దేనితో, నీళ్లు ఆవరణలోనా బయటా, సైకిలు ఉందా, టీవీ, ఫోను. మనుషుల ఫారానికి 29. పటంలో ఒక్క త్రిభుజం గీయడానికి వెతుక్కోవాల్సి వచ్చింది. బండల మిద్దెలు పడగొట్టి సిమెంటు మిద్దెలు కట్టారు, వాటి మీద ఇంకొకటి, ఆపై మెట్ల గది. ఒక చతురస్రంలో ఎన్ని కుటుంబాలో రాయడానికి చోటు చాలక పక్కన బాణం గీసి మార్జిన్‌లో రాసుకున్నాను.

ఆ లెక్కల్లోనే మేము పట్టణవాసులం అయ్యాం, మాకు తెలియకుండానే. ఐదు వేలకు పైగా జనం, మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో, చదరపు కిలోమీటరుకు కనీసం 400 సాంద్రత, ఈ మూడూ ఉంటే పంచాయతీ అయినా జనగణన దాన్ని పట్టణం కింద రాస్తుంది. 400 అంటే ఎకరాకు ఒకటిన్నర మనిషి. మా శివారు పంచాయతీలు దాన్ని ఎప్పుడో దాటేశాయి. నగరపాలక సంస్థ హద్దుల్లో 2.6 లక్షల పైన, చుట్టూ ఉన్న ఊళ్లను కలిపితే 3.4 లక్షలు. ఆ తేడాలో ఉన్నవాళ్లం మేము. లెక్కల్లో పట్టణం, పన్నులకు పంచాయతీ, మురుగు కాలువకు ఎవరూ కాదు.

ఆ ఏడాది ఫిబ్రవరి 28 రాత్రి గొర్రెల కాపర్లు లేరు. మంద నిలపడానికి చేనే లేదు. సగం కట్టిన ఒక మిద్దెలో మాత్రం నేల మీద రాళ్లు పరిచే కుర్రాళ్లు పడుకున్నారు, రాజస్థాన్ నుంచి వచ్చినవాళ్లు. వచ్చీరాని హిందీలో ఊరు అడిగితే ఒకడు బాడ్మేరు అన్నాడు. మాది కూడా ఎడారే బాబూ, మీ తరువాత మేమే అన్నాను కొంచెం గర్వంగా. వాడు కిటికీలోంచి వీధి దీపం కింద నిలబడ్డ వేపచెట్టు చూసి పకపకా నవ్వాడు. ఇంత పచ్చగా ఉంటే ఎడారి ఎలా అవుతుందని. మా కరువు మీద అంత పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు.

మొదటి పటంలో చోటు నింపడానికి గీసిన వంక నాకు 2022 అక్టోబరులో గుర్తొచ్చింది. నడిమివంక పొంగి అనంతపురం శివారు కాలనీలెన్నో మునిగాయి. మా కాలనీ కింది వరస ఇళ్లలోకి కిటికీల ఎత్తున నీళ్లు వచ్చాయి. కరువు జిల్లా వాళ్లం, వరద అంటే టీవీలో గోదావరి వైపు చూసేదే తప్ప ఫ్రిజ్జును మెట్ల మీదకు ఎలా మోయాలో ఎవరికీ తెలియదు. వంక ఎక్కడికీ రాలేదు, తన దారినే పోయింది. ఆ దారిలో వరసలు వరసలుగా మేము ఉన్నాం. వంక వెడల్పు పటంలో నేను అంగుళం గీశాను. ఇప్పుడు చూస్తే రెండు మిద్దెల మధ్య ఒక గోడంత సందు. ఊరు పెరిగేటప్పుడు మనుషులకు చోటు వెతికారు, నీళ్లకు ఎవరూ వెతకలేదు.

ఇప్పటి సంగతి. ఆ నాలుగు ఎకరాల్లో రోడ్లు పోను యాభై పైచిలుకు ప్లాట్లు, ఒక్కటీ ఖాళీ లేదు. మధ్యాహ్నం పూట నీడ కోసం వెతకనక్కరలేదు, ఎటు చూసినా పక్కింటి నీడే. నా వేళ్ల లెక్క ప్రకారం ఎకరాకు ఎనభైమంది దాకా ఉంటారు. చదరపు కిలోమీటరుకు అయితే దాదాపు 20,000. పెద్ద నగరాల అంకె అది. మాకు అవతల, ఒకప్పుడు మేము అడవి అన్న దానికీ అవతల, ఇంకా ఇళ్లు లేస్తున్నాయి. 2020లో మొదలైన పేదల ఇళ్ల పట్టాల పథకంలో పట్టణాల్లో ఒక్కొక్కరికి సెంటు స్థలం ఇచ్చారు. సెంటంటే 435 చదరపు అడుగులు. నా ఐదు సెంట్లలో ఐదు సంసారాలు!

అయితే ఆ నా ఐదు సెంట్లలో ఉన్నది ఇద్దరం. కొడుకు బెంగళూరులో, కూతురు హైదరాబాదులో. పక్కిల్లు మూడంతస్తులు, కింద ముసలాయన ఒక్కరే ఉంటారు. ఆయన సామాను కోసమే రెండు గదులు. ఎదురింటికి ఏడాదిలో పది నెలలు తాళం, అమెరికాలో మనవడిని ఎత్తుకోవడానికి వెళ్తారు. కండక్టరుగారు పోయారు, జేజి అంతకుముందే. పదకొండుమంది ఉన్న మిద్దె స్థానంలో మూడంతస్తులు లేచాయి. నడిపి కొడుకు, ఆయన భార్య కింద ఉంటారు. పై రెండు అంతస్తులు గదులుగా విడగొట్టి బాడుగకు ఇచ్చారు. నర్సింగు చదివే అమ్మాయిలు, పోటీ పరీక్షలకు చదివే అబ్బాయిలు. పైకీ కిందకీ తిరుగుతూనే ఉంటారు, చెవుల్లో తీగలు పెట్టుకుని. ఎవరి పేరూ నాకు తెలియదు. 1991లో అయితే ఎవరింట్లో ఎవరికి పత్యమో కూడా తెలిసేది. అప్పుడు చేను ఖాళీ, ఇళ్లు కిక్కిరిసి ఉండేవి. ఇప్పుడు నేల కిక్కిరిసింది. నాకైతే పాత ఇరుకే బాగుండేదని అనిపిస్తుంది. ఆ మాట అంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఆ ఇరుకులో వండింది నువ్వు కాదు కదా అంటుంది.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనా వల్ల ఆగిపోయాయి. ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టి జరుగుతాయని ప్రకటన వచ్చింది. కాగితాలు ఉండవు, ఫోనులోనే అంతా. కులం కూడా రాస్తారు. నా దగ్గర ఏడో తరగతి చదివిన అమ్మాయి ఇప్పుడు మా పక్క బడిలో టీచరు. ఈసారి తన పేరు తప్పకుండా వస్తుందని అప్పుడే భయపడుతూ, మొన్న ఒక సందేహం పట్టుకుని వచ్చింది.

"సార్, కండక్టరుగారి మిద్దె పైన గదుల్లో పిల్లలు ఒక్కొక్కరు ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్నారు. కొందరు మెస్ నుంచి తెప్పించుకుంటారు. ఒక గదిలో ఇద్దరుంటే ఒకడు వండుకుంటాడు, ఇంకొకడు బయట తింటాడు. దీన్ని ఎన్ని కుటుంబాలు రాయాలి?"

హాస్టలు మాదిరి అందరికీ ఒకే మెస్ అయితే దాన్ని సంస్థ కింద రాయాలనీ, ఇలా విడివిడిగా ఉంటే ఒక్కొక్కటీ వేరు కుటుంబమనీ చెప్పాను. బయట తినేవాడు కూడా ఒక కుటుంబమే, అతని ఒక్కడితో. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ మిద్దెలో అలా పద్నాలుగు కుటుంబాలు తేలాయి.

ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయని కూర్చోమన్నాను. పగలు వెళ్తే ఎవరూ ఉండరు, రాత్రి ఏడు తరువాత వెళ్లు. ఇంటాయనను నమ్మకు, పన్నుకు భయపడి గదులు తగ్గించి చెబుతాడు. మెట్ల గదిలో ఎవరైనా పడుకుంటున్నారేమో అడుగు. వాచ్‌మన్ కుటుంబం లిఫ్టు పక్కన ఉంటుంది, అడక్కపోతే ఎవరూ చెప్పరు. కొట్టాల్లో తాళం చూసి తిరిగి రావద్దు, పక్కవాళ్ల దగ్గర ఫోను నంబరు తీసుకో, బెంగళూరులో ఎక్కడున్నారో కనుక్కో. ముసలివాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు పడుతుంది, దానికి తగ్గట్టు చూసుకుని బయల్దేరు. మజ్జిగ ఇస్తే తాగు.

"ఇప్పుడెవరు ఇస్తున్నారు సార్ మజ్జిగ" అంది. మా ఆవిడ లోపల నుంచి విని, గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.